చెర్రీ రొయ్యలు ఒక్కొక్కటే పోతున్నాయి. పిగ్మీ కోరీలు (మీసాలుండే బుల్లి చేపలు) తింటున్నాయా, నీళ్ళలో తేడా ఉందా?

ఇసుకతిన్నె:

అందరికీ నమస్తే. తొట్టి వివరాలు ముందే రాసేస్తున్నాను, మళ్ళీ మళ్ళీ అడగక్కర్లేకుండా.

రెండడుగుల తొట్టి, 60×30×30 సెంటీమీటర్లు. ఇసుక, మొద్దు పోను 45 లీటర్ల నీళ్ళు పడుతున్నాయి. స్పాంజి ఫిల్టర్లు రెండు, రెండింటికీ కలిపి ఒకే ఎయిర్ పంపు. అడుగున 3 సెం.మీ. ఇసుక. జావా మాస్ (నాచులాంటి నీటిమొక్క) కట్టిన మొద్దు ఒకటి, అనూబియాస్ మొక్కలు రెండు. పిగ్మీ కోరీలు 8. చెర్రీ రొయ్యలు 20 వేస్తే ఇప్పుడు 11 మాత్రమే లెక్కకు వస్తున్నాయి.

ఉండేది హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్. పూర్తిగా బోరు నీళ్ళు, కుళాయిలో వచ్చినవే బకెట్లో పట్టి పోస్తాను. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10, పీహెచ్ 8.2, టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్నవన్నీ కలిపి) 620, నీటి వేడి 26 డిగ్రీలు. వారానికోసారి 30 శాతం నీళ్ళు మారుస్తాను.

రెండు మూడు రోజులకొక రొయ్య పోతోంది. పోయేవన్నీ పెద్దవే. చనిపోయినదాన్ని దగ్గరగా చూస్తే తల భాగానికీ తోక భాగానికీ మధ్య, వీపు మీద, తెల్లటి గీత ఒకటి ఉంగరంలా చుట్టి ఉంటుంది. కోరీలు దాని చుట్టూ చేరి పొడుస్తుంటాయి. ఒక ఆడ రొయ్య పొట్ట కింద గుడ్లు కనిపించాయి, నాలుగు రోజులకు గుడ్లు లేవు, పిల్లలూ లేవు.

కోరీలను తీసేయాలా? కోడిగుడ్డు పెంకులు వేస్తే కాల్షియం అందుతుందని ఒకరన్నారు, వేయమంటారా? అసలు ఈ రెండూ ఒకే తొట్టిలో ఉంటూ రొయ్య పిల్లలు కూడా బతకాలంటే ఏమేం ఉండాలి?

—

నీటిలెక్క:

కోరీలను తీయకండి. ఈ చావులతో వాటికి సంబంధం లేదు. పిగ్మీ కోరీ మొత్తం పొడవే రెండు, రెండున్నర సెంటీమీటర్లు. నోరు కిందికి తిరిగి, ఇసుకలోంచి పురుగుల్ని పీల్చుకోవడానికి మాత్రమే పనికొచ్చేటంత చిన్నది. తన ఒంటి పొడవే ఉన్న పెద్ద రొయ్యను అది చంపలేదు. మీరు చూసింది చచ్చిన రొయ్యను తినడం. పోయినదాన్ని కోరీలే కాదు, మిగతా రొయ్యలు కూడా తింటాయి.

మీరు రాసినదాంట్లో అసలు విషయం ఆ తెల్ల ఉంగరం. రొయ్యకు ఒంటి మీద పెంకే ఎముక. ఒళ్ళు పెరగాలంటే పాత పెంకు విడవాలి. పెద్ద చెర్రీ రొయ్య సుమారు నెలకోసారి, పిల్లలు ఇంకా తరచుగా విడుస్తాయి. విడిచేటప్పుడు పాత పెంకు సరిగ్గా తల, తోక కలిసేచోట వీపు మీద చీలుతుంది. రొయ్య ఒక్కసారి విల్లులా వంగి ఆ చీలికలోంచి వెనక్కి ఎగిరి బయటపడుతుంది. మొత్తం పని క్షణాల్లో అయిపోవాలి. పెంకు చుట్టూరా తెగి, రొయ్య బయటికి రాలేకపోతే తల భాగం ఒక ముక్కగా, తోక భాగం ఒక ముక్కగా మధ్యలో తెల్ల ఉంగరం తేలుతుంది. ఆ దశకు వచ్చినవాటిలో బతికేవి చాలా తక్కువ. గుడ్లు మాయమవడమూ ఇందులో భాగం కావచ్చు. ఆడది గుడ్లతో ఉండగానే పెంకు విడిస్తే గుడ్లు ఆ పెంకుతోపాటే పోతాయి.

పెంకు సరిగా విడవకపోవడానికి ముఖ్య కారణాలు రెండు. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం తక్కువ కావడం ఒకటి. ఒక్కసారిగా ఎక్కువ నీళ్ళు మార్చడం రెండోది, సమయం రాకుండానే రొయ్య పెంకు విడవడానికి దిగుతుంది. 30 శాతం మార్పు మీ దగ్గర రెండోదానికి చాలు. ఇక మొదటిది. టీడీఎస్ 620 ఉంది కదా, మినరల్స్‌కు కొదవేముంది అనిపిస్తుంది. కానీ టీడీఎస్ మీటరు నీళ్ళలో మొత్తం ఎంత కరిగి ఉందో చెబుతుందే గాని ఏం కరిగి ఉందో చెప్పదు.

అందుకే ఒక ప్రశ్న: మీ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉందా? బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఉంటుంది, సంపు పక్కన ఎత్తుగా ఫైబర్ ట్యాంకు, దానికి ఉప్పు పోసే డ్రమ్ము. అది నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. గీజర్ కాయిల్‌కు మంచిదే. టీడీఎస్ మాత్రం దాదాపు మారదు, ఇంకొంచెం పెరుగుతుంది కూడా. మీటర్లో 620 కనిపిస్తూనే ఉంటుంది, రొయ్యకు కావాల్సిన కాల్షియం మాత్రం సున్నా.

చుక్కల టెస్ట్ కిట్‌తో జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పే కొలత), కేహెచ్ (కార్బొనేట్, బైకార్బొనేట్‌ల కొలత) రెండూ చూడండి. సాఫ్ట్‌నర్ నీళ్ళ ఆనవాలు ఏమిటంటే జీహెచ్ ఒకటో రెండో, కేహెచ్ మాత్రం పదికి పైన. ప్లాంటుకు ముందు, అంటే నేరుగా బోరు నుంచి వచ్చే కుళాయి ఉంటే ఆ నీళ్ళు కూడా పట్టి చూడండి. వంటింటి ఆర్‌ఓ నీళ్ళ టీడీఎస్ కూడా రాయండి. ఈలోగా నీళ్ళు మార్చకండి. ఆవిరైనంత మేరకు ఆర్‌ఓ నీళ్ళు పోస్తే చాలు.

కోడిగుడ్డు పెంకుల సంగతి. పెంకైనా, పక్షుల షాపులో దొరికే సముద్రపు నురుగైనా ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. అది ఆమ్ల గుణం ఉన్న నీళ్ళలో కరుగుతుంది. పీహెచ్ 8.2, పైగా కేహెచ్ ఎక్కువున్న నీళ్ళలో నెలల తరబడి పడి ఉన్నా చెప్పుకోదగ్గంత కరగదు. హాని లేదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దంతే.

—

పాకుడురాయి:

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒకటి కలుపుతాను. భీమవరం వైపు తక్కువ ఉప్పున్న నీళ్ళలో వనామి వేసిన రైతులు చెరువులో మినరల్స్ చల్లేది, లూజ్ షెల్ (పెంకు వదులవడం) అని బాధపడేది కూడా ఈ పెంకు గురించే. అయితే ఆక్వా షాపులో దొరికే ఆ చెరువు మినరల్ మిక్స్‌ను మాత్రం తొట్టిలో వేయకండి. వాటిలో కొన్నిట్లో రాగి కూడా కలుపుతారు. ఎకరాల చెరువుకు లెక్కగట్టిన మందు, 45 లీటర్లలో చిటికెడు ఎక్కువైనా రొయ్యలు మిగలవు.

రాగి మాట వచ్చింది కాబట్టి, నీళ్ళు రాగి బిందెలో గాని, రాగి పాత్రలో గాని నిలవ ఉంచి పోస్తున్నారా? మనుషులు తాగడానికి ఇళ్ళలో అలా పెడుతుంటారు, ఆ బిందెలోంచే తొట్టికీ పోసేస్తారు. రాగి చేపకు పెద్దగా తెలియని మోతాదులోనే రొయ్యను చంపుతుంది. కొత్తగా వేసిన గీజర్ లైన్లో రాత్రంతా నిలిచిన వేడినీళ్ళు కూడా వద్దు. ప్లాస్టిక్ బకెట్ ఒకటి తొట్టికే కేటాయించండి, సబ్బు తగలనిది.

—

ఇసుకతిన్నె:

సాఫ్ట్‌నర్ ఉందండీ, వాచ్‌మన్‌ను అడిగి చూశాను. కొలతలు ఇవి.

తొట్టి నీళ్ళు: జీహెచ్ 1, కేహెచ్ 13.
మొక్కలకు పెట్టే కుళాయి, ఇది ప్లాంటుకు ముందే ఉంది: టీడీఎస్ 610, జీహెచ్ 20, కేహెచ్ 13.
వంటింటి ఆర్‌ఓ: టీడీఎస్ 45, జీహెచ్ మొదటి చుక్క వేయగానే రంగు మారిపోయింది, అంటే దాదాపు లేనట్టే.

రాగి పాత్రలు వాడట్లేదు.

—

నీటిలెక్క:

అయితే పని చాలా తేలిక. ఉప్పులేవీ కొనక్కర్లేదు, మీకు కావాల్సిన కాల్షియం ఆ మొక్కల కుళాయిలోనే ఉంది.

బోరు నీళ్ళు ఒక పాలు, ఆర్‌ఓ నీళ్ళు రెండు పాళ్ళు కలపండి. టీడీఎస్ 610కి రెండు 45లు కలిపితే 700, మూడుతో భాగిస్తే సుమారు 233. జీహెచ్ ఇరవైలో మూడోవంతు, ఆరున్నర ఏడు మధ్య. కేహెచ్ నాలుగు చిల్లర. చెర్రీ రొయ్యకు జీహెచ్ 6 నుంచి 10, కేహెచ్ 2 నుంచి 6, టీడీఎస్ 180 నుంచి 300 వరకు హాయిగా ఉంటుంది. పీహెచ్ కూడా ఎనిమిదికి లోపల దిగుతుంది, అది పిగ్మీ కోరీకి కూడా మేలే. ఆర్‌ఓ మిషన్ వెనకనుంచి వదిలేసే వృథా నీళ్ళు కాదు సుమా, తాగే నీళ్ళు. వృథా పైపులో వచ్చేది అసలుకంటే చిక్కనైనది.

ల్యాబులో నీళ్ళ పరీక్ష చేయించినవాళ్ళ కోసం: రిపోర్టులో హార్డ్‌నెస్ పీపీఎంలలో ఉంటుంది. దాన్ని 17.9తో భాగిస్తే జీహెచ్ డిగ్రీలు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో హార్డ్‌నెస్‌కు కోరదగిన పరిమితి 200, వేరే నీళ్ళు లేకపోతే అనుమతించే పరిమితి 600. డిగ్రీల్లో చెప్పాలంటే 11, 33. తాగడానికి అనుమతి ఉన్న నీళ్ళలోనే ఇంత తేడా ఉంది కాబట్టి, బోరు నీళ్ళు రొయ్యలకు పనికొస్తాయా అని ఊరికే అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. కొలవాల్సిందే.

ఇప్పుడు మార్చే విధానం. తొందరపడితే మిగిలిన 11 కూడా పోతాయి, ఎందుకంటే ఈ మార్పే వాటికి పెద్ద కుదుపు. మూడు రోజులకోసారి 10 శాతం, అంటే నాలుగున్నర లీటర్లు తీసి అంతే కొత్త మిశ్రమం పోయండి. చెంబుతో కుమ్మరించకుండా సన్న పైపుతో ఓ గంటసేపు కారేలా. పది మార్పులయ్యేసరికి పాత నీళ్ళు మూడోవంతు మిగులుతాయి. టీడీఎస్ 370 దగ్గరికి, జీహెచ్ నాలుగున్నర పైకి చేరుతుంది. అప్పటినుంచి వారానికోసారి 10 నుంచి 15 శాతం. ఈ మధ్యలో ఇంకో రెండు మూడు పోతే కంగారుపడి పద్ధతి మార్చకండి. పాత నీళ్ళలో తయారైన పెంకుతో ఉన్నవి అవి, తర్వాత పెంకు విడిచేటప్పుడు తేడా తెలుస్తుంది. విడిచిన పెంకు గాజులా పారదర్శకంగా, ఒకే ముక్కగా దొరికిందంటే దారిలో పడినట్టు. దాన్ని తీసేయకండి, రొయ్యలే తిని అందులోని కాల్షియం తిరిగి తీసుకుంటాయి.

ప్లాంటుకు ముందు కుళాయి లేనివాళ్ళు ఆర్‌ఓ నీళ్ళకే మినరల్స్ కలుపుకోవాలి. రొయ్యల కోసం అమ్మే జీహెచ్, కేహెచ్ పొడి వాడితే సులువు. సొంతంగా కలిపేవాళ్ళకు లెక్క ఇది: 10 లీటర్లలో ఒక డిగ్రీ జీహెచ్ పెంచడానికి జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్ 0.31 గ్రాములు, లేదా ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్ 0.44 గ్రాములు. ఒక డిగ్రీ కేహెచ్‌కు వంటసోడా 0.3 గ్రాములు. జీహెచ్ 6, కేహెచ్ 2 కావాలంటే 10 లీటర్లకు జిప్సం 1.4, ఎప్సమ్ 0.65, వంటసోడా 0.6 గ్రాములు. చెంచా లెక్క పనికిరాదు, 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కావాలి. జిప్సం మొండిగా కరుగుతుంది, ఎయిర్ స్టోన్ పెట్టి రాత్రంతా వదిలేయండి. కెమికల్స్ షాపులో స్వచ్ఛమైనది అడగండి. గోడలకు వాడే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వద్దు. ఎరువుల షాపు మెగ్నీషియం కూడా వద్దు, దాంట్లో ఇంకేం కలిసి ఉందో సంచి మీద ఉండకపోవచ్చు.

—

మీసాలకోరీ:

నీళ్ళ సంగతి తేలింది కాబట్టి మూడో ప్రశ్నకు వస్తాను: కలిపి పెంచడం, పిల్లలు బతకడం.

ముందు ఏ చేప అన్నది. రొయ్యలతో కలిపి పెట్టదగ్గ అడుగు చేపలు చాలా కొద్ది. పిగ్మీ, హ్యాబ్రోసస్, హాస్టాటస్ అనే మూడు బుల్లి కోరీలు, తర్వాత ఒటోసింక్లస్. ఈ మూడు కోరీల్లో నిజంగా ఇసుకను అంటిపెట్టుకుని తిరిగేది హ్యాబ్రోసస్. పిగ్మీ, హాస్టాటస్ సగం సేపు నీళ్ళ మధ్యలో గుంపుగా ఈదుతూ, ఆకుల మీద ఆగుతూ ఉంటాయి. కాబట్టి మీ పిగ్మీలు పైకి తేలుతున్నాయని బెంగ వద్దు, వాటి తీరే అది. ఒటో అయితే ప్రధానంగా పాకుడే తింటుంది, రొయ్య పిల్లలకు అంతకంటే నమ్మకమైన చేప లేదు. కాకపోతే కొత్త తొట్టిలో పాకుడు లేక ఆకలితో చస్తుంది, ఆరు నెలలు పాతబడ్డాక వేయాలి.

షాపులో ఊరికే కోరీ అని అమ్మేవి ఎక్కువగా బ్రాంజ్ లేదా అల్బినో. అవి ఆరేడు సెంటీమీటర్లవుతాయి. పెద్ద రొయ్యల్ని ఏమీ అనవు గాని ఇసుకలో దొరికిన పిల్లల్ని పురుగులతోపాటే పీల్చేస్తాయి. కూలీ లోచ్ కూడా అంతే, రాత్రిపూట మాస్‌లోకి దూరి వెతుకుతుంది. జీబ్రా లోచ్ లాంటి బోటియాలు పెద్ద రొయ్యల్ని కూడా వేటాడతాయి, వాటిని తలపెట్టొద్దు. పాకుడు తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు పొడవు దాటి పెరుగుతుంది, ఈ తొట్టికి తగదు. దాన్ని వదిలించుకోవడానికి చెరువులో వేయడం ఇంకా పెద్ద తప్పు. ఇప్పటికే మన చెరువుల్లో చేరి వలలు చింపుతోంది.

రొయ్యల విషయంలోనూ జాగ్రత్త. గ్లాస్ రొయ్య, గోస్ట్ రొయ్య అని చవగ్గా ఇచ్చేవాటిలో మాక్రోబ్రాకియం పిల్లలు కలుస్తుంటాయి, మన నీలకంఠ రొయ్య జాతివే. రెండో జత కాళ్ళు పొడుగ్గా, చివర గోళ్ళలాంటి పట్టుతో ఉంటే అదే. రాత్రి నిద్రపోయే పిగ్మీని పట్టుకుని తినగలదు. చెర్రీకి అలాంటి పొడుగు చేతులుండవు.

రొయ్య పిల్ల గుడ్డులోంచి వచ్చేసరికే తల్లి రూపంలో, రెండు మిల్లీమీటర్లుంటుంది. ఆ సైజు పిల్ల ఖాళీ ఇసుక మీద దొరికితే పిగ్మీ కూడా వదలదు. మాస్ లోపల ఉంటే దానికి అందదు. కాబట్టి అంతా దాక్కునే మరుగు మీద ఆధారపడి ఉంది, మీ తొట్టిలో అది చాలదు. ఒక మొద్దుకు కట్టిన మాస్ సరిపోదు. అడుగు వైశాల్యంలో కనీసం మూడోవంతు దట్టంగా కప్పాలి. గప్పీ గ్రాస్ గాని హార్న్‌వర్ట్ గాని గుప్పెడు తేలేస్తే నెలలో అల్లుకుంటుంది. వెనక మూలలో కోడిగుడ్డంత గులకరాళ్ళు రెండు వరసలు పేర్చండి, ఆ సందుల్లోకి కోరీ ముక్కు పట్టదు, పిల్లలు పడతాయి. బాదం ఆకు కూడా బాగా పనికొస్తుంది. చెట్టు కింద రాలి గోధుమరంగుకు ఎండినది, రోడ్డు పక్కది కాకుండా మందు కొట్టని చోటుది. కడిగి, వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి, 45 లీటర్లకు ఒక మోస్తరు ఆకు వేయండి. రెండు మూడు వారాల్లో జాలీలా మిగులుతుంది. దాని మీద పట్టే సన్నని జిగురు పొరే రొయ్య పిల్లలకు మొదటి తిండి. ముందువైపు మాత్రం ఇసుక ఖాళీగా వదలండి, కోరీలకు అది కావాలి.

ఆ ఇసుక ఏదో రాయలేదు మీరు. రోబో ఇసుక అయితే తీసేయండి. రాయిని పిండి కొట్టి తీసేది కాబట్టి గింజ అంచులు పదునుగా ఉంటాయి. కోరీ రోజంతా ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదులుతుంది, మీసాలు దానికి రాసుకుంటూ ఉంటాయి. పదును ఇసుక, అడుగున కుళ్ళిన మేత రెండూ కలిస్తే మీసాలు మొద్దుబారి ఊడిపోతాయి. ఏటి ఇసుక మేలు. మెత్తటి జల్లెడలో దుమ్ము, పెద్ద జల్లెడలో రాళ్ళు తీసేసి, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు గింజ ఉంచుకుని, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోస్తే బుడగలు వచ్చాయంటే గవ్వల సున్నం ఉన్నట్టు, వద్దు. సముద్రపు ఇసుక అసలే వద్దు. మందం 3 సెం.మీ. సరిపోతుంది, అంతకంటే ఎక్కువైతే అడుగున గాలాడక నల్లబడుతుంది.

—

ఇసుకతిన్నె:

ఏటి ఇసుకేనండీ, జల్లించినదే. మేత సంగతి కూడా చెప్పండి. ఇప్పుడు మునిగే పెల్లెట్ రోజూ ఉదయం నాలుగు వేస్తున్నాను, రొయ్యలు ఎత్తుకుపోయి మాస్ మీద కూర్చుంటున్నాయి, కోరీలకు అందట్లేదు. ఇంకోటి, ఇంట్లో దోమల మందు మెషిన్ రాత్రిళ్ళు పెడతాం. తొట్టి హాల్లో ఉంది. దానివల్ల ఏమైనా ఉంటుందా?

—

పాకుడురాయి:

దోమల మెషిన్ గురించి ముందు, ఎందుకంటే అది ఒక్క రాత్రిలో అన్నిటినీ తీసుకుపోగలదు. ఆ లిక్విడ్ మెషిన్లలో సాధారణంగా ఉండేది ట్రాన్స్‌ఫ్లుత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్. పురుగుల నరాలను దెబ్బతీసే మందు. రొయ్య కూడా పురుగులకు దగ్గరి బంధువే. మీ ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి రాత్రంతా నీళ్ళలోకి కొడుతుంది, అంటే మందును తొట్టిలోకి తోడిపోస్తున్నట్టే. లక్షణాలు పెంకు సమస్యకు పూర్తిగా వేరు: ఉంగరం ఉండదు, రొయ్యలు గిలగిలా కొట్టుకుని, గిరగిరా ఈది, పక్కకు ఒరిగి, ఒకేరోజు అనేకం పోతాయి. మీవి ఒక్కొక్కటిగా ఉంగరంతో పోతున్నాయి కాబట్టి ఇప్పటి చావులు దీనివి కావు. అలాగని అలాగే ఉంచకండి. హాల్లో మెషిన్ తీసేసి కిటికీలకు దోమతెర వేయించండి. పడకగదిలో పెట్టుకున్నా తలుపు వేసుకోండి. పంపును బాల్కనీ తలుపు దగ్గరికి జరిపి పొడుగు పైపు వేస్తే బయటి గాలి లాగుతుంది. పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి, లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టి నీళ్ళు పంపులోకి వెనక్కి కారతాయి. బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీసు కూడా ఆ మందుల కుటుంబమే. తొట్టి స్టాండు కాళ్ళకు చీమల గీత గీయకండి. చేతికి దోమల క్రీము రాసుకుని తొట్టిలో చెయ్యి పెట్టకండి.

అదే తర్కం మొక్కలకూ వర్తిస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన నీటిమొక్క మీద పురుగుమందు ఉండొచ్చు. వేరే బకెట్లో వారం పది రోజులు ఉంచి, రోజు విడిచి రోజు నీళ్ళు మార్చి, అప్పుడు వేయండి.

చేపలకు తెల్ల మచ్చల జబ్బు వచ్చిందని మందు పోసేముందు సీసా మీద కాపర్ సల్ఫేట్ ఉందేమో చదవండి. ఉంటే చేపల్ని వేరే డబ్బాలోకి తీసి అక్కడ వైద్యం చేయాలి, రొయ్యల తొట్టిలో పోయకూడదు. అందుకే కొత్త కోరీలను నేరుగా ఈ తొట్టిలో వేయకుండా మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి చూడమంటారు.

ఎండాకాలం గురించి మీరు అడగలేదు గాని హైదరాబాద్‌లో ఏప్రిల్, మే దాటించడమే అసలు పరీక్ష. పిగ్మీకి 22 నుంచి 26, చెర్రీకి 20 నుంచి 26 బాగుంటుంది. 28 దాకా రెండూ తట్టుకుంటాయి. 30 దాటితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాములు పట్టేది 30 దగ్గర 7.6 మాత్రమే. అదే సమయంలో జీవాలకు అవసరం పెరుగుతుంది. కోరీ అప్పుడప్పుడు సర్రున పైకొచ్చి గాలి మింగి వెళ్ళడం మామూలే, పేగుతో కూడా ఊపిరి పీల్చుకునే చేప అది. అన్నీ కలిసి నిమిషానికోసారి పైకి పరుగెడుతుంటే మాత్రం ఆక్సిజన్ చాలట్లేదని అర్థం. మూత తీసి జాలీ వేసి, నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. వాన పడి గాలిలో తేమ ఎక్కువున్న రోజు అంత తగ్గదు. ఫ్యానుతో రోజుకు లీటరు పైనే ఆవిరవుతుంది. ఆ లోటు ఆర్‌ఓ నీళ్ళతోనే పూడ్చాలి, బోరు నీళ్ళు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుపోతాయి. ఐసు ముక్కలు వేయకండి. లైటు మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం ఐదారు గంటలు వేసుకోండి. కరెంటు పోతుందనుకుంటే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

—

మీసాలకోరీ:

మేత నేను చెబుతాను. కోరీలు మిగిలింది ఏరుకుని బతుకుతాయన్న మాట నమ్మి వాటిని పస్తులుంచేవాళ్ళు చాలామంది. వాటికి విడిగా మేత వేయాలి.

ఉదయం కాకుండా లైటు ఆపడానికి ముందు వేయండి, కోరీలు ఆ మసక వెలుతురులో చురుగ్గా ఉంటాయి. పెల్లెట్ మొత్తంగా వేయకుండా నలిపి రవ్వలా చేయండి. ముక్కలుగా ఉంటేనే రొయ్యలు ఎత్తుకుపోతాయి, రవ్వయితే ఇసుక మీద చెదిరి కోరీలకు దక్కుతుంది. రొయ్యలకు మాస్ దగ్గర ఒక చిన్న గాజు గిన్నె పెట్టి అందులో సగం పెల్లెట్ వేయండి, అవి అక్కడ మూగుతాయి. అవి అటు చేరాక, పావుగంట ఆగి, ఇవతలి కొసన రవ్వ చల్లండి. 8 పిగ్మీలకు రెండు వేళ్ళ మధ్య పట్టేంత చిటికెడు చాలు. రెండు గంటల తర్వాత గిన్నెలో మిగిలింది తీసేయండి. వారంలో రెండు రోజులు గడ్డకట్టించిన ఆర్టీమియా లేదా డాఫ్నియా (చేపల మేతగా అమ్మే సన్నటి నీటి జీవులు), ఒక రోజు ఏమీ వేయకుండా. కోరీ పొట్ట పక్కనుంచి చూస్తే గుండ్రంగా ఉండాలి, లోపలికి పీక్కుపోయి ఉంటే తిండి చాలట్లేదు లేదా కడుపులో పురుగులు.

రొయ్యలకు వారానికోసారి కూర ముక్క. కీరా దోస చక్రం ఒకటి, లేదా పాలకూర ఆకు ఉప్పు లేని వేడినీళ్ళలో ఒక నిమిషం ఉంచి చల్లార్చినది. పాలకూర మీద మందు కొడతారు, నమ్మకమైన చోటుది కాకపోతే మానేయండి, రొయ్యకు అది లేకపోయినా నడుస్తుంది. మర్నాడు ఉదయానికి తీసేయాలి.

ఎక్కువ మేత వేస్తే అద్దాల మీద తెల్లగా, దారప్పోగులా, బాణం తలతో పాకే పురుగులు వస్తాయి. అది ప్లనేరియా, రొయ్య పిల్లల్ని తింటుంది. మందు కంటే ముందు మేత సగానికి తగ్గించి చూడండి. మందు వేయాల్సే వస్తే ఫెన్‌బెండజోల్ రొయ్యల్ని ఏమీ చేయదు, కానీ నెరైట్ నత్తలుంటే చస్తాయి, ఇసుకలో చాలాకాలం నిలుస్తుంది కూడా.

—

ఇసుకతిన్నె:

బోరు, ఆర్‌ఓ మిశ్రమం కలిపి పెట్టాను, మీటర్లో 235 చూపిస్తోంది. మళ్ళీ రొయ్యలు ఎప్పుడు తెచ్చి వేయొచ్చు?

—

నీటిలెక్క:

ఇప్పుడే వద్దు. తొట్టి నీళ్ళు జీహెచ్ 5 దాటాక, ఉన్నవి ఉంగరం లేకుండా పెంకు విడవడం చూశాక, ఒక ఆడది గుడ్లు చివరిదాకా మోశాక వేయండి. గుడ్లు పొదగడానికి నీటి వేడిని బట్టి మూడు నుంచి నాలుగు వారాలు పడుతుంది. గుడ్లు పసుపు నుంచి ముదిరి, లోపల నల్లని కళ్ళ చుక్కలు కనిపించాయంటే పిల్లలు వచ్చే సమయం దగ్గరపడినట్టు. ఒక్క ఆడది ఇరవై ముప్పై ఇస్తుంది. మరుగు సరిగా ఉంటే మళ్ళీ కొనాల్సిన పనే రాకపోవచ్చు.

కొనాలనుకుంటే పదింటిని, సగం ఎదిగినవాటిని తీసుకోండి. పెద్దవాటికంటే అవే కొత్త నీళ్ళకు అలవాటుపడతాయి. అమ్మేవాళ్ళను వాళ్ళ తొట్టి టీడీఎస్, జీహెచ్ అడగండి. తెచ్చాక కవరులోని నీళ్ళతో సహా ఒక డబ్బాలో పోసి, మెడికల్ షాపులో దొరికే కొత్త సెలైన్ సెట్‌ను తొట్టిలోంచి వేలాడదీయండి. దాని చక్రంతో సెకనుకు రెండు చుక్కలకు సరిచేసి, డబ్బా నీళ్ళు మూడింతలయ్యేదాకా ఆగండి, గంటన్నర పట్టొచ్చు. టీడీఎస్ తేడా 150 మించితే ఇంకో గంట. తర్వాత వలతో రొయ్యల్ని మాత్రమే తొట్టిలోకి వదలండి, డబ్బాలోని నీళ్ళు పారబోయండి. ఆ రోజు మేత వేయకండి, లైటు వేయకండి.